పేషెంటు తాలూకు ఎవరండీ?

మన దగ్గర ఆసుపత్రిలో చేరగానే మొదట వినపడే కేక ఇది. కొత్తగా ఇంగ్లండు వచ్చినవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే: ఇక్కడ ఆ కేక ఎవరూ వేయరు. మీ తాలూకు మీరే. మీ బాధ మీరే నోరు తెరిచి చెప్పుకోవాలి.

మూడేళ్ల కిందట ఒక అర్ధరాత్రి నాకు కడుపులో కుడివైపు నొప్పి పట్టుకుంది. వైద్య సలహా చెప్పే 111 నంబరుకి ఫోన్ చేస్తే బోలెడు ప్రశ్నలు అడిగి, ఏ అండ్ ఈకి, అంటే ఆసుపత్రిలోని ఎమర్జెన్సీ విభాగానికి, వెళ్లమన్నారు. (ప్రాణం మీదికి వస్తే మాత్రం నేరుగా 999.) అక్కడ నర్సు "పదికి ఎంత నొప్పి?" అంది. నలుగురిలో గోల చేస్తే ఏం బాగుంటుందని "ఐదు" అన్నాను. ముందు వచ్చినవాళ్లను ముందు చూడటం ఇక్కడ ఉండదు, ప్రమాదం ఎక్కువున్నవాళ్లదే ముందు వంతు. 4 గంటల్లో తేల్చాలన్నది ప్రభుత్వ లక్ష్యమే గానీ చాలా చోట్ల అది అందడం లేదు. నా ఐదుకు తగ్గట్టే నన్ను కూర్చోబెట్టారు. తెల్లవారుజామున వంగిపోయి కూర్చున్న నన్ను చూసి మళ్లీ అడిగితే "ఎనిమిది" అన్నాను. అప్పుడు కదిలారు. అపెండిక్స్. ఆ రోజే ఆపరేషన్. మీరు ఉన్నదున్నట్టు చెప్పండి, మొహమాటపడకండి. ఇంగ్లిష్ తడబడితే తెలుగు దుబాసీ కావాలని అడగండి, డబ్బు తీసుకోరు.

వార్డులో ఆరు మంచాలు, మధ్యలో కర్టెన్లు. రాత్రి తోడుంటానని నా భార్య బతిమాలినా, విజిటింగ్ టైమ్ అయిపోయిందని పంపించేశారు. దాహం వేసినా బజర్ నొక్కడానికి సిగ్గుపడి తెల్లారేదాకా అలాగే పడుకున్నాను. పొద్దున నర్సు గట్టిగానే చీవాట్లు పెట్టింది. తిండి సంగతి ఎక్కువ చెప్పను. శాకాహారం దొరుకుతుంది, ఉప్పూ కారం మాత్రం ఇంటికెళ్లాకే.

డిశ్చార్జి రోజున పర్సు చేతిలో పట్టుకుని "బిల్లింగ్ కౌంటర్ ఎక్కడ?" అని అడిగాను. నర్సు నవ్వేసి, మందుల సంచీ, జీపీకి (ఫ్యామిలీ డాక్టరుకి) ఉత్తరం చేతిలో పెట్టి పంపింది. నిజానికి ఊరికే చేయలేదు. వీసాతో పాటు హెల్త్ సర్‌ఛార్జి కట్టాం కదా, పెద్దవాళ్లకు ఏడాదికి 1,035 పౌండ్లు, విద్యార్థులకు 776. బయట మందుల షాపులో మాత్రం ప్రిస్క్రిప్షన్ మీద ఒక్కో మందుకు 9.90 పౌండ్లు కట్టాలి. స్కాట్లండ్‌లో, వేల్స్‌లో అదీ లేదు.

ఇదంతా సాఫీగా సాగాలంటే వచ్చిన వారంలోనే ఇంటి దగ్గరి జీపీ దగ్గర పేరు రాయించుకోండి. అడ్రస్ ప్రూఫ్ లేదని రిసెప్షన్‌లో వెనక్కి పంపితే, అది తప్పనిసరి కాదని ఇక్కడి ప్రభుత్వ వైద్య సంస్థ ఎన్‌హెచ్‌ఎస్ నియమమే చెబుతోందని మర్యాదగా గుర్తు చేయండి. చిన్న జలుబుకు యాంటీబయాటిక్ రాస్తారని ఆశపడొద్దు. గొంతునొప్పి, పిల్లల చెవినొప్పి లాంటివైతే ఫార్మసిస్టే చూసి, అవసరమైతే మందిస్తారు.

అసలు టెన్షన్ అమ్మానాన్న విజిటర్ వీసా మీద వచ్చినప్పుడు. వాళ్లకు ఏ అండ్ ఈలో చూడటం ఉచితమే, కానీ వార్డులో చేర్చుకున్నారంటే మామూలు రేటుకు ఒకటిన్నర రెట్లు బిల్లు వేస్తారు. విమానం ఎక్కకముందే ఇన్సూరెన్స్ తీసుకోండి. బీపీ, షుగర్ ఉన్న సంగతి దాచకండి, దాస్తే క్లెయిమ్ రోజున అదే అడ్డం తిరుగుతుంది. వాళ్లు వాడే మాత్రల అసలు పేర్లు, ఎన్ని మిల్లీగ్రాములో ఒక కాగితం మీద రాసి మీ దగ్గర ఉంచుకోండి. మన బ్రాండ్ పేర్లు ఇక్కడి డాక్టర్లకు తెలియవు. డోలో అంటే మొహం చూస్తారు, పారాసిటమాల్ అనాలి.