బెంగళూరు వేసవి: పగలు ఎండ, సాయంత్రం పిడుగులు

"బెంగళూరులో ఎండేంటి, మా కర్నూలుకి రా చూపిస్తా" అనే మాట మార్చి రాగానే మారతహళ్లి పీజీల్లో రోజూ ఎవరో ఒకరు అంటూనే ఉంటారు. నిజమే, అక్కడి 44 డిగ్రీల ముందు ఇక్కడి 37 చిన్నదే. కాకపోతే ఇక్కడ ఎండ ఒంటరిగా రాదు. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం దాకా నేల కాగి, సముద్రం వైపు నుంచి వచ్చే తేమగాలి తోడై, నాలుగింటికల్లా మబ్బు కమ్ముకుంటుంది. సరిగ్గా ఆఫీసులు వదిలే వేళకి ఉరుములు, ఈదురుగాలితో వాన మీద పడుతుంది. నన్నడిగితే ఈ ఊళ్లో ఎండకన్నా ఆ గంటసేపటి గాలివానకే ఎక్కువ భయపడాలి. అలాగని ఎండను తేలిగ్గా తీసుకోమని కాదు.

బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైన ఉంది. మార్చి, ఏప్రిల్ మధ్యాహ్నాల్లో గాలి బాగా పొడిగా ఉంటుంది. విజయవాడలో చొక్కా తడిసి వీపుకు అంటుకుంటుంది కాబట్టి నీళ్లు తాగాలని మనకే తోస్తుంది. ఇక్కడ చెమట పట్టీ పట్టకముందే ఆరిపోతుంది. ఒంట్లో నీళ్లు తగ్గిన సంగతి సాయంత్రం తల పగిలేలా నొప్పి పుట్టినప్పుడో, మూత్రం ముదురు పసుపు రంగులో వచ్చినప్పుడో గానీ తెలియదు. 2016 ఏప్రిల్ 24న ఈ ఊళ్లోనే 39.2 డిగ్రీలు నమోదైంది. దాహం కోసం ఎదురు చూడకుండా గంటకోసారి గ్లాసు నీళ్లు తాగండి. ఏసీ ఆఫీసులో కూర్చున్నవాళ్లకీ ఇది వర్తిస్తుంది.

టెర్రస్ మీద రేకులేసిన గదులు అద్దె తక్కువని చాలామంది తీసుకుంటారు. వేసవి సెలవులకు అమ్మానాన్నలు వస్తే మాత్రం మధ్యాహ్నాలు వాళ్లను ఆ గదిలో ఉంచకండి. కింది అంతస్తులో ఎవరింట్లోనైనా కూర్చోబెట్టండి. రాత్రి కిటికీకి తడి దుప్పటి కట్టి ఫ్యాన్ వేస్తే, గాలి పొడిది కాబట్టి ఇక్కడ బాగానే పనిచేస్తుంది. బీపీకి ఒంట్లో నీరు తీసే మాత్రలు వేసుకునే పెద్దవాళ్లుంటే, ఎండాకాలంలో ఎలా వాడాలో వాళ్ల డాక్టరుకు ముందే ఫోన్ చేసి అడగడం మంచిది.

ఒంట్లో నీళ్లు తగ్గినప్పుడు తాగే ఓఆర్ఎస్ అంటే మందుల షాపులో దొరికే పొడి ప్యాకెట్టు. దాన్ని ఎన్ని నీళ్లలో కలపాలో ప్యాకెట్టు మీదే ఉంటుంది. ఓఆర్ఎస్ పేరు పెట్టుకుని టెట్రా ప్యాకుల్లో అమ్మిన తీపి పానీయాలు వేరు. ఆ పేరు వాడొద్దని 2025 అక్టోబరులో కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఆదేశించింది కూడా. ప్యాకెట్టు దొరకకపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూన్ ఉప్పు చెంచా అంచుకు సమంగా కొలిచి కలపండి. మామూలు రోజుల్లో ఉప్పేసిన పలుచటి మజ్జిగ చాలు.

ఎండలో తిరిగినవాళ్లు పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా, ఒళ్లు కాలిపోతున్నా అది వడదెబ్బే అనుకోండి. 108కి ఫోన్ చేసి, నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా నీళ్లతో తడుపుతూ విసరండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయకూడదు. పారాసిటమాల్ దీనికి పనిచేయదు.

ఇక సాయంత్రం సంగతి. మెరుపు కనిపించాక ఉరుము వినపడేదాకా లెక్కపెట్టండి. మూడు సెకన్లకు సుమారు ఒక కిలోమీటరు దూరం. ముప్పై సెకన్లలోపే వినిపించిందంటే పిడుగు పడే పరిధిలో ఉన్నట్టే, వెంటనే లోపలికి వెళ్లాలి. చివరి ఉరుము తర్వాత అరగంట దాకా బయటికి రాకూడదు. పుణేలోని వాతావరణ పరిశోధన సంస్థ ఐఐటీఎం తయారుచేసిన దామిని యాప్ దగ్గర్లో పడుతున్న పిడుగుల గురించి హెచ్చరిస్తుంది, ఫోన్లో పెట్టుకోండి. మబ్బు పట్టగానే మన ఇళ్లల్లో మొదట చేసే పని టెర్రస్ మీదకు పరుగెత్తి వడియాలు, ఆవకాయ కోసం ఆరబెట్టిన కారం తీసుకురావడం. ఉరుము వినపడ్డాక ఆ పని చేయొద్దు. వడియాలు తడిస్తే తడవనీ, అత్తయ్యకు మీరే సర్దిచెప్పండి.

బండి మీద ఉంటే చెట్టు కింద ఆగకండి. ఆ చెట్టు మీద పిడుగు పడితే పక్కనున్న మనిషికీ తగులుతుంది. పైగా ఇక్కడి చెట్లు ఊరికే కూలతాయి. చాలా వీధుల్లో గుల్‌మొహర్లు, నిద్రగన్నేర్ల మొదళ్ల దాకా కాంక్రీటు పోశారు, పైపుల కోసం ఒక పక్క వేర్లు కోసేశారు. మీరు రోజూ వెళ్లే దారిలో అలాంటి చెట్లు ఎక్కడున్నాయో, ఏవి ఒరిగి ఉన్నాయో ఎండగా ఉన్నప్పుడే చూసి పెట్టుకోండి. 2024 జూన్ 2న ఒక్కరోజే 111.1 మిల్లీమీటర్ల వాన పడింది. ఆ గాలివానకు ఎంజీ రోడ్డు దగ్గర మెట్రో పట్టాల మీద కూడా చెట్టు పడింది. ఆగాలంటే పెట్రోలు బంకు కన్నా మెట్రో స్టేషన్ మేలు, లేదంటే ఏదైనా పక్కా కట్టడం లోపలికి వెళ్లండి. వీలైతే ఆఫీసులోనే ఇంకో గంట కూర్చోండి. ఎలాగూ సిల్క్ బోర్డు కూడలి ట్రాఫిక్‌లో ఆ గంటా పోయేదే.

కారులో ఉన్నవాళ్లకు పిడుగు భయం తక్కువ, నీళ్ల భయం ఎక్కువ. 2023 మే 21న విధానసౌధకు దగ్గర్లోని కేఆర్ సర్కిల్ అండర్‌పాస్‌లో కారు మునిగి, కుటుంబంతో కలిసి ఊరు చూడబోయిన 22 ఏళ్ల ఆంధ్రా అమ్మాయి చనిపోయింది. నీళ్లు నిలిచిన అండర్‌పాస్‌లోకి ముందు కారు వెళ్లింది కదా అని దిగొద్దు. అడుగు లోతు నీళ్లకే చిన్న కారు తేలుతుంది. క్యాబ్ డ్రైవరు "ఏం కాదు సార్" అన్నా సరే, వెనక్కి తిప్పమనండి, అదనపు ఛార్జీ నేనే ఇస్తాననండి. ఒకవేళ ఇరుక్కుంటే కరెంటు పోకముందే కిటికీలు దించేయండి. తలుపు కోసం పెనుగులాడొద్దు. కారు ముందువైపు పెద్ద అద్దం పగలదు, పక్క అద్దాన్ని మూల మీద కొట్టాలి. అద్దం పగలగొట్టే చిన్న సుత్తి చేతికందే చోట ఉండాలి, డిక్కీలో కాదు.

వాన తగ్గాక ప్రమాదం పోయిందనుకుంటాం. తెగిన తీగ నీళ్లలో ఉంటే కంటికి కనిపించదు. వీధి దీపపు స్తంభాన్ని, ట్రాన్స్‌ఫార్మర్ కంచెను ముట్టుకోకుండా దూరంగా నడవండి. తీగ కనిపిస్తే ఇక్కడి కరెంటు సంస్థ బెస్కామ్‌కు 1912 నంబరులో చెప్పండి. అపార్ట్‌మెంటు బేస్‌మెంటులో నీళ్లు చేరితే బండి తీసుకురావడానికి దిగకండి. 2025 మేలో బీటీఎం లేఅవుట్‌లో నీళ్లు తోడేటప్పుడు కరెంటు షాక్ కొట్టి ఒక పెద్దాయన, ఒక పిల్లవాడు చనిపోయారు. మెయిన్ ఆపే స్విచ్ ఎక్కడుందో వాచ్‌మన్‌కు, అసోసియేషన్‌లో ఇద్దరికైనా తెలిసుండాలి. ఆ బోర్డు బేస్‌మెంటులోనే ఉంటే పైకి మార్పించే పని మొదటి వాన పడకముందే పెట్టుకోండి.