ఇంజిన్ మిస్‌ఫైర్ అవుతుంటే: మనమే విప్పాలా, మెకానిక్ దగ్గరికి వెళ్లాలా?

కొత్త దేశానికి వచ్చినవాళ్లలో చాలామంది మొదట కొనేది పాత కారే. ఆగి ఉన్నప్పుడు బండి వణుకుతూ, యాక్సిలరేటర్ తొక్కితే కుదుపులిస్తూ, చెక్ ఇంజిన్ లైటు వెలిగిందంటే అది చాలావరకు మిస్‌ఫైరే. ఏదో ఒక సిలిండర్‌లో పెట్రోలు సరిగా మండట్లేదన్నమాట.

ముందు ఆ లైటు చూడండి. నిలకడగా వెలుగుతుంటే మెల్లగా ఇల్లు చేరొచ్చు. ఆరుతూ వెలుగుతుంటే మాత్రం పక్కకు తీసి ఆపేయండి. మండని పెట్రోలు ఎగ్జాస్ట్‌లోకి చేరి పొగను శుద్ధి చేసే కెటలిటిక్ కన్వర్టర్‌ను కాల్చేస్తుంది. దాని ఖర్చు ముందు టోయింగ్ ఖర్చు ఏమంత లెక్కలోది కాదు.

తర్వాత పార్టులు కాదు, కారు కంప్యూటర్‌లోని లోపాల కోడ్‌లు చదివే ఒక చిన్న ఓబీడీ స్కానర్ కొనండి. స్టీరింగ్ కింది సాకెట్‌లో పెడితే కోడ్ చూపిస్తుంది. పీ0301 అంటే ఒకటో సిలిండర్, పీ0303 అంటే మూడోది. పీ0300 ఒక్కటే వస్తే లోపం ఫలానా సిలిండర్‌లో అని తేలలేదు. గాలి లీకో, ఫ్యూయల్ ప్రెషరో కావచ్చు. అది మెకానిక్‌కి వదిలేయడమే మంచిది.

ఒక్క సిలిండరే అయితే, ఒక్కో స్పార్క్ ప్లగ్గుకి (పెట్రోలును మండించే నిప్పురవ్వ ఇచ్చేది) ఒక్కో కాయిల్ (ఆ ప్లగ్గుకి కరెంటిచ్చేది) ఉన్న బండిలో ఈ పరీక్ష తప్పకుండా మీరే చేయండి. పీ0303 వచ్చిందనుకుందాం. ఇంజిన్ పూర్తిగా చల్లారాక మూడో సిలిండర్ కాయిల్‌ని రెండోదానికి, రెండోదాన్ని మూడోదానికి మార్చండి. కోడ్ చెరిపి కాస్త నడపండి. ఇప్పుడు పీ0302 వస్తే కాయిల్ పోయినట్టే, కొత్తది వేస్తే సరి. మళ్లీ పీ0303 వస్తే ప్లగ్గులను కూడా ఇలాగే మార్చి చూడండి. ప్లగ్గు గుంతలో ఆయిల్ కనిపిస్తే వాల్వ్ కవర్ దగ్గరి సీళ్లు కారుతున్నాయి, ముందు వాటి సంగతి చూడాలి. ప్లగ్గు బిగించేటప్పుడు మొదటి చుట్లు చేత్తోనే తిప్పండి, ఆఖర్లో టార్క్ రెంచ్ (ఎంత బిగువు కావాలో అంతే బిగించే పానా) వాడండి. ప్లగ్గు కూర్చునే అల్యూమినియం హెడ్‌లో మర చెడితే అది పెద్ద రిపేరు. కొన్ని వీ6 ఇంజిన్లలో వెనక ప్లగ్గులు అందాలంటే ఇన్‌టేక్ మానిఫోల్డ్ (ఇంజిన్‌కి గాలి తెచ్చే గొట్టాల భాగం) విప్పాలి. అలాంటిదైతే మొదటిసారే దానికి పూనుకోవద్దు.

కాయిల్, ప్లగ్గు రెండూ బాగుండి కోడ్ కదలకపోతే ఇంజెక్టరో (పెట్రోలు చిమ్మేది), కంప్రెషనో (సిలిండర్‌లోని ఒత్తిడి) అనుమానించాలి. కూలెంట్ తగ్గుతూ తెల్లపొగ ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ హెడ్ కింది సీలు) పోయి ఉండొచ్చు. అప్పుడిక బండి నడపకండి.

మెకానిక్‌తో మాట్లాడటానికి టెన్షన్ పడొద్దు. కోడ్ ఏమిటో, మీరేం మార్చి చూశారో చెప్పండి. చెకింగ్‌కి ఎంతో ముందే అడగండి, ఎస్టిమేట్ రాయించుకోండి, అడగకుండా అదనపు పని చేయొద్దని చెప్పండి, తీసిన పార్టులు చూపించమనండి.

అద్దె ఇంటి పార్కింగ్‌లో రిపేర్లు కూడదని ఒప్పందంలో ఉందేమో చూసుకున్నాకే బానెట్ ఎత్తండి. కోడ్ చెరిపిన వెంటనే పొల్యూషన్ టెస్టుకి వెళ్లకండి. కారు కంప్యూటర్ తన తనిఖీలు మళ్లీ పూర్తి చేసుకోవాలి, అందుకు కొన్నాళ్లు మామూలుగా నడపాలి.