ఉక్కపోతలో ఒళ్లంతా వాసన: ఏ డియో, ఎక్కడ, ఎప్పుడు

"అక్కా, ఒళ్లంతా రాసుకునే డియో ఉందా?" ఒడిశాలోని బరంపురంలో మా మెడికల్ షాపు కౌంటర్ దగ్గర ఈ మాట ఎప్పుడూ మెల్లగానే వినిపిస్తుంది. పక్కన ఎవరూ లేరని చూసుకుని మరీ అడుగుతారు. ఇందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. గోపాల్‌పూర్ సముద్రం ఇక్కడికి దాదాపు 15 కిలోమీటర్లే. మార్చి దాటితే గాలిలో తేమ పెరిగి, పట్టిన చెమట ఒంటి మీదే నిలిచిపోతుంది. మహారాష్ట్రలోని చంద్రపూర్ వైపు ఎండ ఇంతకంటే ఎక్కువే, కానీ అక్కడి పొడిగాలికి చెమట ఆరిపోతుంది. మనది ఉక్కపోత.

చెమటకు దానంతట దానికి వాసన దాదాపు ఉండదు. ఒళ్లంతా ఉండే స్వేద గ్రంథుల నుంచి వచ్చేది ఉప్పునీరే. చంకల్లో, గజ్జల్లో మాత్రం ఇంకో రకం గ్రంథులు కూడా ఉంటాయి, వాటి చెమట కాస్త చిక్కగా ఉంటుంది. చర్మం మీద ఉండే బ్యాక్టీరియా దాన్ని విడగొట్టినప్పుడే కంపు పుడుతుంది. అందుకే వాసన ఎక్కడి నుంచి వస్తోందో ముందు చూసుకోండి, డబ్బా తర్వాత కొనండి.

పొద్దున డియో కొట్టుకుంటే పదింటికల్లా మళ్లీ వాసన

కారణం: మీరు కొన్నది బాడీ స్ప్రే. అందులో ఎక్కువ భాగం ఆల్కహాల్, సెంటు. కాసేపు వాసనను కప్పుతుంది, అంతే. చెమటను ఆపదు.

డబ్బా వెనక చదవండి. అల్యూమినియం క్లోరోహైడ్రేట్ అని ఉంటే అది యాంటీపెర్స్పిరెంట్, అంటే చెమటను తగ్గించేది. దాన్ని పొద్దున స్నానం చేసి తడి ఒంటి మీద హడావిడిగా రాస్తే సగం పని కూడా చేయదు. రాత్రి పడుకునే ముందు, చంకలు బాగా తుడుచుకుని ఆరాక రాయాలి. నిద్రలో చెమట తక్కువ కాబట్టి మందు స్వేద రంధ్రాల్లో దిగి చిన్న బిరడాలా అడ్డుపడుతుంది. పొద్దున స్నానం చేసినా ఆ బిరడా ఉంటుంది. మూడు నాలుగు రాత్రులు వరసగా రాస్తే తేడా తెలుస్తుంది. తర్వాత వారానికి రెండు మూడుసార్లు చాలు.

మన పెద్దవాళ్లు వాడే పటికా మంచిదే. తడిపి చంకల్లో రుద్దితే బ్యాక్టీరియా తగ్గుతుంది. వెంట్రుకలు గీసుకున్న వెంటనే మాత్రం వద్దు, మండుతుంది.

చంకలే కాదు, ఒళ్లంతా కంపు

ఇలా చెప్పేవాళ్లను నేను అడిగే మొదటి ప్రశ్న: ఒళ్లంతానా, మడతల్లోనా? చాలాసార్లు మడతలే. రొమ్ముల కింద, పొట్ట మడతలో, గజ్జల్లో, పిరుదుల మధ్య. గాలి తగలని చోట తడి నిలుస్తుంది, తడి ఉన్నచోట బ్యాక్టీరియా పెరుగుతుంది.

ఒళ్లంతా వాడే డియోలు ఇలాంటి చోట్ల కోసమే వచ్చాయి. అమెరికాలో షానన్ క్లింగ్‌మన్ అనే స్త్రీ వైద్య నిపుణురాలు 2017లో లూమే అనే బ్రాండు మొదలుపెట్టారు. 2024లో ఓల్డ్ స్పైస్, సీక్రెట్ లాంటి పెద్ద బ్రాండ్లూ ఈ రకం తెచ్చాయి. వీటిలో చాలావాటిలో అల్యూమినియం ఉండదు. లూమేలో ఉండేది మాండెలిక్ యాసిడ్. అది చర్మాన్ని కాస్త ఆమ్లంగా ఉంచి, వాసన పుట్టించే బ్యాక్టీరియాను ఎదగనివ్వదు. చెమట మాత్రం పడుతూనే ఉంటుంది, పట్టాలి కూడా.

ఇది గట్టిగా చెప్పాల్సిన విషయం. చంకలకు వాడే యాంటీపెర్స్పిరెంట్‌ను వీపు, ఛాతీ, పొట్ట అంతా పూయకండి. ఒంటిని చల్లబరిచేది చెమటే. 1998 వేసవిలో వడదెబ్బకు ఒడిశాలో 2 వేల మందికి పైగా చనిపోయారు. అలాంటి ఎండలున్న చోట ఒంటి నిండా చెమటకు అడ్డం పెట్టుకోవడం ప్రాణం మీదకు తెచ్చుకోవడమే.

మడతల్లో వాడే పద్ధతి: సబ్బుతో కడిగి, మెత్తని నూలు గుడ్డతో అద్ది, ఫ్యాను కింద ఐదు నిమిషాలు ఆరనివ్వండి. శనగగింజంత క్రీము తీసుకుని పలచగా రాయండి. ఎంత రాశామన్నది కాదు, ఎంత బాగా ఆరాక రాశామన్నదే ముఖ్యం. మధ్యాహ్నం ఒకసారి తడిగుడ్డతో తుడుచుకుని బనీను మార్చుకుంటే, ఖరీదైన క్రీము లేకుండానే చాలామందికి సగం బాధ పోతుంది.

రాసుకున్న చోట దురద, ఎర్రదనం

రెండు కారణాలు ఉండొచ్చు, రెండింటికీ దారులు వేరు.

డియో మొదలుపెట్టిన ఒకటి రెండు రోజుల్లో, రాసినంత మేరే ఎర్రబడి మండితే అది ఆ వస్తువు పడకపోవడం. ఎక్కువగా సెంటు వల్ల. మానేయండి, మామూలు నీళ్లతో కడగండి. ఈసారి సెంటు లేనిది తీసుకుని, ముందు మోచేతి లోపలి వైపు కొద్దిగా రాసి రెండు రోజులు చూడండి. వంటసోడా, నిమ్మకాయ రుద్దే చిట్కాలు వద్దు. సోడా క్షారం, నిమ్మరసం ఘాటు ఆమ్లం. రెండూ మడతల్లోని పలచని చర్మాన్ని పాడుచేస్తాయి.

డియోకు ముందే దురద ఉండి, అంచు ఎర్రగా గుండ్రంగా పాకుతుంటే అది తామర. దాని మీద ఏ డియో కొట్టినా లాభం లేదు. ఇక్కడే నా గుండె తరుక్కుపోతుంది. మూడు నాలుగు మందులు కలిపిన స్టెరాయిడ్ ట్యూబు ఎవరో చెప్పారని కొనుక్కుని నెలల తరబడి పూసేవాళ్లు ఎంతమందో. రెండు రోజుల్లో దురద తగ్గుతుంది, ఆపగానే రెట్టింపై వస్తుంది, చర్మం పలచబడి చారలు పడతాయి. దయచేసి ఆ ట్యూబు అడగకండి. మన ఊరి ప్రభుత్వాసుపత్రి ఎంకేసీజీలో చర్మవ్యాధుల ఓపీకి వెళ్లండి. ఇంట్లో ఇంకెవరికైనా దురద ఉంటే వాళ్లనూ తీసుకెళ్లండి, లేకపోతే మళ్లీ అంటుకుంటుంది.

ఆడవాళ్లు అడగలేక వెళ్లిపోయే ప్రశ్న

డియో బయటి చర్మం వరకే, గజ్జల దాకే. యోని లోపల ఏ స్ప్రే, ఏ సబ్బు వాడకూడదు. లోపల సహజంగా ఉండే ఆమ్లగుణం దానంతట అదే శుభ్రం చేసుకుంటుంది. చేప వాసన, తెల్లబట్ట ఎక్కువ కావడం, మంట ఉంటే అది శుభ్రత లోపం కాదు, ఇన్‌ఫెక్షన్ కావచ్చు. లేడీ డాక్టరుకు చూపించుకుంటే మందులతో తగ్గుతుంది.

స్నానం చేసి చొక్కా తొడిగిన అరగంటకే వాసన

వాసన ఒంటిది కాదు, చొక్కాది. పాలిస్టర్ బట్ట చెమటలోని జిడ్డును పట్టుకుని వదలదు, వేడి తగలగానే మళ్లీ కంపు కొడుతుంది. ఉతికే ముందు బకెట్ నీళ్లలో అరకప్పు వెనిగర్ వేసి అరగంట నానబెట్టండి, తర్వాత ఉతికి ఎండలో ఆరేయండి. వానాకాలంలో ఇంట్లోనే ఆరేస్తే, తొడుక్కునే ముందు ఇస్త్రీ చేయండి. మన ఊరి అమ్మవారి జాతర ఠాకురాణి యాత్రలో వేషాలు కట్టే పిల్లలకూ ఇదే చెబుతాను: వేషం లోపల పలచని నూలు బనీను వేసుకుని, అదొక్కటీ రోజూ మార్చండి.

పట్టు బట్టల సంగతి వేరు. బరంపురం పట్టుచీర కట్టేటప్పుడు డియో పూర్తిగా ఆరాకే జాకెట్టు తొడుక్కోండి. అల్యూమినియం, చెమట కలిస్తే పడే మరక పట్టు మీద పోదు.

ఎప్పుడూ లేని కొత్త వాసన

మెంతులు రోజూ తింటున్నారా? షుగరు కోసం నానబెట్టి తాగేవాళ్ల చెమట తియ్యటి పాకం వాసన వేస్తుంది. అది మెంతుల్లోని సోటొలోన్ అనే పదార్థం వల్ల, భయం లేదు. మానితే పోతుంది.

కానీ షుగరు ఉన్న మనిషి ఊపిరిలో పండిన పండు వాసన వచ్చి, వాంతులు, ఆయాసం కూడా ఉంటే ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. మూత్రం లాంటి వాసన ఒంటి నుంచీ ఊపిరి నుంచీ వస్తుంటే కిడ్నీ పరీక్ష చేయించాలి. రాత్రుళ్లు పక్క తడిసేంత చెమట, జ్వరం, బరువు తగ్గడం కలిసి ఉంటే టీబీ పరీక్ష చేయించాలి.

పిల్లల్లో చంక వాసన మొదలవడం ఎదిగే వయసు లక్షణం. ఆడపిల్లకు 8 ఏళ్లు, మగపిల్లాడికి 9 ఏళ్లు నిండకముందే వస్తే డియో కొనకుండా పిల్లల డాక్టరుకు చూపించండి. ఆ వయసు దాటినవాళ్లకైతే సబ్బు, ఉతికిన నూలు బనీను, సెంటు లేని తేలికపాటి డియో చాలు.