నానమ్మ జీవితం: సంవత్సరీకం నాటికి ఒక చిన్న పుస్తకం

తొంభై ఏళ్లు బతికిన మనిషి గురించి రాయడానికి కూర్చుంటే మొదటి చిక్కు తేదీల దగ్గరే వస్తుంది. ఆధార్‌లోని పుట్టినరోజును నమ్ముకోకండి. ఆ తరంలో చాలామందికి ఉజ్జాయింపు వయసు చెప్పినందుకు జనవరి 1 అని పడింది. జాతకం దొరికితే అదే గట్టి ఆధారం. అయితే అందులో ఉండేది తెలుగు సంవత్సరం. యువ అంటే 1935 ఉగాది నుంచి 1936 ఉగాది దాకా. కాబట్టి యువ నామ సంవత్సరం మాఘమాసంలో పుట్టినావిడ పుట్టింది 1936లో. 1935 అని వేసేయడం తరచూ జరిగే పొరపాటు.

జాతకం లేకుంటే చుట్టాలను ‘ఏ సంవత్సరం?’ అని అడిగి లాభం లేదు. ‘అప్పటికి పెద్దాడు చంకలో ఉన్నాడా, నడుస్తున్నాడా? రెండోది కడుపులో ఉందా?’ అని అడగండి, వెంటనే చెబుతారు. బడిలో వేయడానికి పిల్లల వయసు మార్చి రాయించడం మామూలే కనుక ఒక్కరి సర్టిఫికెట్‌తో తేల్చెయ్యకుండా ఇద్దరివి పోల్చి చూడండి. ఊరి గుర్తులు కూడా పనికొస్తాయి: కృష్ణా తీరంలో 1977 నవంబరు 19 ఉప్పెన, సాగర్ కాలువలకు నీళ్లొదిలిన 1967, తెలంగాణలో 1948 సెప్టెంబరు పోలీసు చర్య, కృష్ణా పుష్కరాలు వచ్చిన 1980, 1992, 2004.

మాట్లాడటం పుట్టింటివైపు నుంచి మొదలుపెట్టండి. ముందు చెల్లెళ్లు, తర్వాత తోడికోడళ్లు, ఇరుగుపొరుగు, చివరికి కొడుకులు. కొడుకులతో మొదలుపెడితే పొలాలు, ఉద్యోగాలే వస్తాయి. పెళ్లికి ముందున్న పిల్ల ఎక్కడా కనిపించదు. ఆమె పుట్టింటి ఇంటిపేరు మొదటి పేజీలోనే ఉండాలి. ఒకే సంగతి ఇద్దరు రెండు రకాలుగా చెబితే, ఎవరు చెప్పారో రాసి రెండూ ఉంచండి.

ఫోన్‌లో రికార్డు చేసేటప్పుడు ఫ్యాన్ కట్టేసి, ఫ్లైట్ మోడ్ పెట్టి, మనిషికి రెండు జానల దూరంలో ఉంచండి. ముప్పావుగంట దాటితే పెద్దవాళ్లు అలసిపోతారు. ఆ మాటలను పుస్తకభాషలోకి దిద్దకండి. ఊరి యాస పోతే మనిషే పోయినట్టుంటుంది.

పాత ఫొటోలు ఆల్బమ్‌కు అతుక్కుని ఉంటే పీకకండి, పైపొర చిరుగుతుంది. పేజీతో సహా 600 డీపీఐలో స్కాన్ చేయించండి. విడి ఫొటోల వెనక మెత్తటి పెన్సిల్‌తోనే పేర్లు రాయాలి. బాల్‌పెన్ నొక్కు ముందువైపుకు తేలుతుంది.

వంటలు రాసేటప్పుడు ‘సోల’ అని వదిలేయకండి, ఆ కొలత అన్ని ప్రాంతాల్లో ఒకటి కాదు. ఆవిడ వాడిన సోలనే నిండా నీళ్లతో నింపి, ఆ నీళ్లు తూచండి. ఎన్ని గ్రాములుంటే అన్ని మిల్లీలీటర్లు.

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి. 40 పేజీలు చక్కగా సరిపోతాయి. చాలా డీటీపీ సెంటర్లలో ఇంకా యూనికోడ్ కాని పాత అను ఫాంట్లే వాడతారు. మీరు యూనికోడ్‌లో టైపు చేసింది అందులోకి మారేటప్పుడు ఒత్తులు చెదురుతాయి. ‘క్ష్మి’, ‘స్త్రీ’, ‘ర్యా’ లాంటివి పేజీ పేజీకీ వెతికి చూడండి. అచ్చుకు వెళ్లేముందు ఒక ప్రూఫు తీసి, బతికున్న చెల్లెలికి మొత్తం చదివి వినిపించండి. పేర్లలో, వరసల్లో తప్పుంటే పట్టుకునేది ఆవిడే.