ఆన్ సిరీస్‌లో ‘రిల్లా ఆఫ్ ఇంగిల్‌సైడ్’ ఎలా చదవాలి?

ఎల్. ఎం. మాంట్‌గోమరీ రాసిన ‘ఆన్ ఆఫ్ గ్రీన్ గేబుల్స్’ అంటే ప్రాణం పెట్టేవాళ్లలో చాలామంది రెండు మూడు భాగాల దగ్గరే ఆగిపోతారు. ‘రిల్లా’ దాకా వెళ్లినవాళ్లేమో “ఇందులో ఆన్ ఏదీ?” అని గొణుక్కుంటారు. దాన్ని చదవడానికి నాకు కుదిరిన పద్ధతి ఇది.

1. అట్ట మీది నంబరు నమ్మకండి. ఆ నంబర్లు ఆన్ వయసు ప్రకారం వేసినవి. ఎనిమిదోదిగా కనిపించే ‘రిల్లా’ 1921లోనే వచ్చేసింది. నాలుగు, ఆరు నంబర్ల పుస్తకాలు 1936, 1939లలో రాసినవి. చిక్కంతా ఆ ఆరోదానితోనే. ‘ఆన్ ఆఫ్ ఇంగిల్‌సైడ్’లో ఒక రాత్రి ఆన్ నిద్రపోతున్న పిల్లల్ని చూసుకుంటుంది. రచయిత్రి అక్కడే ‘రిల్లా’లో జరగబోయేది చెప్పేస్తుంది! కాబట్టి అచ్చయిన వరసలోనే వెళ్లండి. తీరిక లేకపోతే రెండో పుస్తకం ‘ఆన్ ఆఫ్ అవన్లీ’ వదిలేసినా పర్వాలేదు గానీ ‘రెయిన్‌బో వ్యాలీ’ (1919) మాత్రం వదలొద్దు. ‘రిల్లా’లో మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్లే కుర్రాళ్లు అందులో ఇంకా ఆటలాడుకునే పిల్లలు.

2. పూర్తి ప్రతి కొనండి. కొన్ని పాత పేపర్‌బ్యాక్‌లలో వేల పదాలు చడీచప్పుడు లేకుండా కోసేశారు. అసలు పాఠంతో 2010లో వచ్చిన ప్రతి మేలు.

3. ఆన్ కోసం వెతకొద్దు. కథ ఆమె చిన్నకూతురిది. 1914లో రిల్లాకి పదిహేనేళ్లు కూడా నిండలేదు, ధ్యాసంతా డాన్సుల మీదే. రెడ్‌క్రాస్ విరాళాలకని వెళ్లిన పిల్ల, తల్లి చనిపోయిన పసిగుడ్డుని సూప్ వడ్డించే పెద్ద గిన్నెలో పెట్టుకుని ఇంటికి తెస్తుంది. “తెచ్చావుగా, నువ్వే పెంచు” అంటాడు నాన్న. పసిపిల్లలంటేనే పడని రిల్లా ఒక పుస్తకం ముందు పెట్టుకుని వాణ్ని పెంచుతుంది. ఇక్కడ తొందరపడకండి, నవల గుండెకాయ ఇదే.

4. పక్కన యూరప్ మ్యాప్ ఉంచుకోండి. వంటింట్లో ఆ ఇంటి పనులు చూసే సుసాన్ రోజూ పేపరు చదివి జనరల్స్‌కే సలహాలిస్తుంటుంది. ఫ్రాన్స్‌లో పెద్ద పోరు జరిగిన వెర్డన్ ఎక్కడుందో తెలిస్తే ఆ కబుర్లు ఇంకా రుచిస్తాయి.

5. ఒకటి ముందే తెలుసుకోండి. రచయిత్రి పూర్తిగా యుద్ధం పక్షమే. శాంతి అన్నవాణ్ని నవ్వులపాలు చేస్తుంది. నాకది మింగుడుపడలేదు, అయినా పుస్తకం మూయలేదు.

6. చివరి అధ్యాయాలు ఇంట్లోనే చదవండి. రిల్లా పెద్దన్న జెమ్ యుద్ధానికి రైలెక్కిన స్టేషన్‌లోనే మండే అనే కుక్క కాపు కాస్తుంటుంది. నేను బస్సులో చదివి, పక్కసీటావిడకి జలుబని చెప్పుకోవాల్సొచ్చింది.

అది పూర్తయ్యాక ‘ఆన్ ఆఫ్ ఇంగిల్‌సైడ్’ తీయండి. ఆ నిద్రపోతున్న పిల్లల పేజీ ఇప్పుడు చదవండి.