ఇరుకు లోయ నదిలో కయాకింగ్: తాడు విసిరేవాళ్లు ఎక్కడ నిలబడాలి

తాడు సంచితో (ఒక చివర చేతిలో ఉంచుకుని విసిరేలా లోపల తాడు నింపిన సంచి) కాపలా ఉండే మనిషి ర్యాపిడ్ (రాళ్ల మధ్య నీళ్లు ఉరవడిగా దూకే చోటు) పక్కన కాదు, దాని దిగువన నిలబడాలి. పడవలోంచి పడ్డవాళ్లు తేరుకుని తాడును చూడటానికి కొన్ని సెకన్లు పడుతుంది. తాడు అందగానే ప్రవాహం వాళ్లను ఒడ్డు వైపు వంపుగా లాక్కొస్తుంది. ఆ వంపు ముగిసేచోట నెమ్మదైన నీళ్లుండాలి. అక్కడ చిక్కుకున్న చెట్టో, అడుగున నీళ్లు తొలిచేసిన బండో ఉంటే కాపాడాల్సిన తాడే ప్రాణం మీదికి తెస్తుంది. అందుకే ముందు ఆ చోటు చూసుకుని, తర్వాతే నిలబడే రాయిని ఎంచుకోండి.

నీళ్లలో తేలే తాడు 15 నుంచి 20 మీటర్లు చాలు. "తాడు!" అని అరిచి, చూపు కలిశాక, సంచి మనిషిని దాటి పడేలా విసరండి. చివరను మణికట్టుకు చుట్టుకోవద్దు, నడుముకు కట్టుకోవద్దు. బరువు పడగానే కింద కూర్చోండి. చోటుంటే ఒడ్డు వెంట రెండడుగులు దిగువకు నడిస్తే కుదుపు తగ్గుతుంది. నీళ్లలో ఉన్నవాళ్లు వెల్లకిలా తిరిగి, తాడును ఒడ్డుకు దూరంగా ఉన్న భుజం మీదుగా ఛాతీకి హత్తుకోవాలి. తాడు చుట్టుకుంటే కోసేందుకు, లైఫ్ జాకెట్ మీద చేతికందేలా కత్తి తప్పనిసరి.

గోడలు నిటారుగా ఉండి నిలబడే చోటే లేకపోతే పడవలు మోసుకుని దాటండి. అదీ కుదరని లోయైతే ఆ సంగతి నదిలో దిగకముందే తెలియాలి.