గీతకి అటూ ఇటూ: ఓడల యజమాని, ప్రధాని అయిన ఒక నార్వే నాయకుడి జీవితం రాయాలంటే

నార్వేలోని బెర్గెన్‌లో ఉద్యోగం. బయట ఎప్పుడు చూసినా వాన. సాయంత్రాలు ఏం చెయ్యాలో తోచక నార్వే నాయకుల జీవితాలు తెలుగులో రాయడం మొదలుపెట్టాను. మొదట్లో రాజకీయమంతా రాసేసి, చివర్లో "ఈయన వ్యాపారవేత్త కూడా" అని ఒక లైన్ తగిలించేవాణ్ణి. చదివితే మనిషి కనబడేవాడు కాదు.

ఇప్పుడు నోట్‌బుక్ పేజీ మధ్యలో నిలువుగా గీత గీస్తాను. ఎడమవైపు వ్యాపారం, కుడివైపు రాజకీయం, ఏ సంవత్సరానికి ఆ సంవత్సరం. మీరు మొదలుపెట్టాలంటే క్రిస్టియన్ మిక్కెల్సెన్‌ని తీసుకోండి. స్పెల్లింగ్ చూసి 'మిచెల్సన్' అని రాయకండి, ఇక్కడివాళ్లు అలా పలకరు.

ఎడమవైపు: 1857లో బెర్గెన్‌లో పుట్టారు, లా చదివి లాయరయ్యారు, తర్వాత సొంతంగా ఓడల కంపెనీ పెట్టారు. కుడివైపు: 1892 నుంచి మూడేళ్లు స్టూర్టింగ్‌లో, అంటే పార్లమెంటులో, సభ్యుడు. 1903లో మళ్లీ గెలిచి, ఆర్థికమంత్రి అయి, 1905 మార్చిలో ప్రధాని అయ్యారు.

ఇక గీతకి రెండు పక్కలూ ఎక్కడ కలుస్తాయో వెతకండి. మిక్కెల్సెన్ విషయంలో అది కాన్సుల్ గొడవ. అప్పట్లో నార్వే, స్వీడన్ ఒకే రాజు కింద ఉండేవి. నార్వే ఓడలు ప్రపంచమంతా తిరిగేవి, కానీ రేవుల్లో వాటి పనులు చూసే కాన్సుల్స్ స్వీడన్ విదేశాంగమంత్రి కింద ఉండేవాళ్లు. ఓడల యజమానికి ఇది జెండా గొడవ ఒక్కటే కాదు, రోజువారీ వ్యాపారం. మా కాన్సుల్స్ మాకే ఉండాలని స్టూర్టింగ్ చట్టం చేస్తే, 1905 మే 27న రాజు ఆస్కార్ II సంతకం పెట్టలేదు. మంత్రివర్గం రాజీనామా ఇచ్చింది. ఇంకో ప్రభుత్వాన్ని ఏర్పాటు చేసే వీల్లేదని రాజు దాన్ని ఒప్పుకోలేదు. మిక్కెల్సెన్ ఆ మాటనే పట్టుకున్నారు. ప్రభుత్వాన్ని ఏర్పాటు చెయ్యలేని రాజు నార్వేకి రాజుగా పనిచెయ్యడం మానేసినట్టే, కాబట్టి యూనియన్ కూడా లేనట్టే అని జూన్ 7న స్టూర్టింగ్ తీర్మానించింది. యూనియన్ రద్దు సంగతి ఆ తీర్మానంలో ఒక ఉపవాక్యం మాత్రమే! నాకైతే అందులో లాయరు బుర్రే కనిపిస్తుంది. ఇక్కడ రెండు పేరాలు ఖర్చుపెట్టినా తప్పులేదు, మిగతావి గబగబా దాటేయొచ్చు.

ఆగస్టు 13న ప్రజల ఓటింగులో రద్దుకి 3,68,208 మంది సరే అన్నారు, వద్దన్నది 184 మంది. ఈ అంకె రాసేటప్పుడు ఓటేసింది మగవాళ్లేనని కూడా రాయండి. ఆడవాళ్లు విడిగా రెండు లక్షలకు పైగా సంతకాలు సేకరించి ఇచ్చారు.

నేను బోల్తా పడ్డ చోట్లు కొన్ని. 1905కి ముందు నార్వేకి ఒకేసారి ఇద్దరు ప్రధానులు, ఒకరు రాజధానిలో, ఇంకొకరు స్టాక్‌హోమ్‌లో రాజు దగ్గర. ఆ రాజధాని పేరు 1925 దాకా క్రిస్టియానియా, అంతకుముందు తేదీలకి ఓస్లో అని రాయొద్దు. 'స్టాట్స్‌సెక్రెతార్'ని ఒకసారి కార్యదర్శి అని రాస్తే చదివినవాళ్లు ఆఫీసర్ అనుకున్నారు. అది రాజకీయ పదవి, ప్రభుత్వం దిగిపోతే ఆయనా దిగిపోతారు. కంపెనీల్లో 'స్టీరెలేదెర్' అంటే బోర్డు చైర్మన్, 'దాగ్లి లేదెర్' అంటే రోజూ కంపెనీని నడిపే మనిషి. ఈ రెండూ కలిపేస్తే ఎడమవైపు మొత్తం తప్పవుతుంది.

ఇప్పటి నాయకుల గురించైతే కుడివైపుకి స్టూర్టింగ్ వెబ్‌సైట్ చాలు. సభ్యుల షేర్లు, బోర్డు పదవుల రిజిస్టర్ కూడా అక్కడే ఉంటుంది. మంత్రి అయిన సభ్యుడి సీట్లో 'వారా', అంటే బదులు సభ్యుడు, కూర్చుంటారు కాబట్టి ఆ సంవత్సరాల్ని సభ్యత్వంలో కలిపి లెక్కపెట్టకండి. ఎడమవైపుకి నార్వే కంపెనీలన్నీ నమోదయ్యే బ్రన్నెయ్‌సుండ్ రిజిస్టర్ చూడండి, ఏ కంపెనీకి ఎవరు చైర్మన్ అన్నది అందులో దొరుకుతుంది.

ఆదాయం, ఆస్తి కావాలంటే పన్ను జాబితాలున్నాయి. నార్వేలో అవి బహిరంగమే, ఐడీతో లాగిన్ అయి వెతకొచ్చు. కాకపోతే 2014 నుంచి ఎవరు వెతికారో అవతలివాళ్లకీ కనిపిస్తుంది. మొదటిసారి ఒక నాయకుడి పేరు టైప్ చేసి, ఎంటర్ నొక్కడానికి పావుగంట టెన్షన్ పడ్డాను.